నక్షాలో లేని గది

షాపూర్‌నగర్ స్టాపులో దిగేసరికి
గాలి నిండా మందుల ఘాటు.
నలుగురం మేం:
ఫర్హీన్ మెడలో స్టాప్‌వాచ్,
దయాకర్ చంకలో అట్ట, దానికి కాగితాలు,
టేపు పట్టుకుని ముందు నడిచే శ్రీవర్ధన్,
నా సంచిలో ఎర్రదారపు ఉండ, వంద గుండుసూదులు.

మూడో ఏడు ప్రాజెక్టు.
కంపెనీ వాళ్ళ సమస్య ఒక్క వాక్యం:
"రోజుకి నాలుగొందల స్విచ్‌బోర్డులు తక్కువ పడుతున్నాయి.
ఎందుకో చెప్పండి."

మొదటి వారమంతా
మనుషుల్ని చూళ్ళేదు, చేతుల్ని చూశాం.
స్ప్రింగు అందుకోవడం రెండు సెకన్లు
మర బిగించడం ఏడు
టక్కున నొక్కి చూడడం ఒకటిన్నర.
ఆరో బల్ల దగ్గర అండాలు తలెత్తకుండానే అడిగింది:
"నన్ను కొలుస్తున్నరా బిడ్డా, నా చేతినా?"
ఫర్హీన్ వాచీ ఆపడం మరిచిపోయింది.
ఆ రీడింగు కొట్టేశాం.

రెండో వారం దారం పని.
కంపెనీ ఇచ్చిన నక్షాని థర్మాకోలు మీద అంటించి
అండాలు ఎటు నడిస్తే అటు దారం,
ఎక్కడ ఆగితే అక్కడ సూది.
డబ్బా దగ్గరికి, రాకు దగ్గరికి, మళ్ళీ డబ్బా దగ్గరికి.
పదకొండింటికల్లా
దువ్వెన దిగని జడలా ఉంది బోర్డు.

అప్పుడు లేచి, గోడవతలికి నడిచింది.
నక్షా ఆ గోడ దగ్గరే అయిపోయింది.
నేనూ అక్కడే ఆగిపోయాను.
ఫర్హీన్ వెంట వెళ్ళి లెక్క తెచ్చింది:
బాయిలర్ వెనకనుంచి
లారీలు తూకం వేసే చోటు దాటి
రెండొందల పద్నాలుగు అడుగులు.
రేకుల గదులు రెండు.
ఆడవాళ్ళు అరవైరెండు మంది.
ఒక తలుపుకి గడియ లేదు.

"పదింటికే నీళ్ళు తాగుడు బంద్ వెడ్తం"
అన్నం తింటూ చెప్పింది అండాలు,
కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా.

పుస్తకంలో ఉంది కదా ఆ పట్టిక.
వ్యక్తిగత అవసరాలకి: ఐదు శాతం.
రెండు మార్కుల ప్రశ్న.
బట్టీపట్టాను, రాశాను, రెండూ పడ్డాయి.

తిరుగు బస్సులో బాలానగర్ దాకా గొడవ.
మనకిచ్చిన పనిలో అది లేదన్నాడు దయాకర్.
రాకుని ఆరడుగులు జరిపితే
బోర్డుకి పదకొండు సెకన్లు మిగుల్తాయి,
అది చాలన్నాడు శ్రీవర్ధన్.
నేను? నేను టికెట్టు మడతపెడుతున్నాను.
కిటికీలోంచి చూస్తూనే ఫర్హీన్ అంది:
"మన వర్క్‌షాపు బ్లాకులో ఆడపిల్లలకి ఎక్కడుందో
మీలో ఒక్కరు చెప్పండి."

మూడేళ్ళు.
లేబు ఉన్న రోజు తను నీళ్ళసీసా తేదు.
పక్క బెంచీలో కూర్చుని
ఎన్నిసార్లు నా సీసా ముందుకు జరిపాను,
వద్దంటే మొహమాటమనుకున్నాను.

చివరి రోజు ఏసీ గదిలో
సమోసాల మధ్య నిలబెట్టాం బోర్డుని.
జీఎం గారు దగ్గరికొచ్చి చూశారు.
"ఈ దారం అంచుదాటి వేలాడుతోందేం?
కత్తిరించడం మరిచారా?"
"లేదు సార్" అన్నాడు దయాకర్.
అవును, దయాకరే.
"మీరిచ్చిన నక్షా అక్కడికే అయిపోయింది."
మా ప్రొఫెసరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు.

మరుసటి నెల్లోనే రాకు జరిగింది.
పదకొండు సెకన్లకి నాలుగు సర్టిఫికెట్లొచ్చాయి.
రెండొందల పద్నాలుగు అడుగులకి
'పరిశీలిస్తాం' అని ఒక మెయిలు.

బోర్డు ఇప్పుడు డిపార్ట్‌మెంటు వరండాలో ఉంది.
ఊడ్చేటప్పుడు ఎవరో
వేలాడే దారాన్ని పొందిగ్గా చుట్టి
నక్షా లోపలే గుచ్చి పోతారు.
అటుగా వెళ్ళినప్పుడల్లా విప్పి వదుల్తాను.

నిన్న చూద్దును కదా,
దారం కొస లాగి, బిగించి
ఫర్హీన్ ఒక గుండుసూది గుచ్చింది,
బోర్డుకి కాదు,
వరండా గోడకి.